ఎర్రపెట్ట గంపలో నాలుగు సీసాలు

1967 అక్టోబరులో గాలివానకు స్తంభాలు కూలి బాపట్లలో కరెంటు పోయింది. ఊళ్లో అందరూ లాంతర్లు తుడుచుకుంటుంటే కుసుమకుమారి మాత్రం నాలుగు సీసాలు ముందు పెట్టుకుని ఏడ్చినంత పని చేసింది.

ఆమె ఉద్యోగం కోళ్ల తెగుళ్ల ల్యాబులో. ల్యాబంటే మరేం లేదు, రెండు గదులు, ఒక మైక్రోస్కోపు, సీసాలను వెచ్చగా ఉంచే కరెంటు ఇంక్యుబేటరు, గుమ్మంలో కునికే ప్యూను అంకయ్య. కొక్కెర తెగులు మందును పరీక్షించడానికి కోళ్లను చంపక్కర్లేదు, వాటి కణాలు సీసాలో పెంచితే చాలని ఆమె పట్టు. పొదుగులో ఉన్న గుడ్లు రెండు కొని, పగలగొట్టి, లోపలి పిండాల నుంచి కణాలు తీసి సీసాల్లో బతికించింది. వాటికి ఎప్పుడూ కోడి ఒంటి వెచ్చదనం కావాలి. మర్నాడే తెనాలి నుంచి జగన్నాథరావుగారు తనిఖీకి వస్తున్నారు. ఆయనకు బతికిన కణాలు కనబడకపోతే ల్యాబుకు తాళం, ఆమెకు రేపల్లె బదిలీ.

సీసాల పక్కన కిరోసిన్ దీపం పెట్టి చూసింది. ఒత్తి పెంచితే మాడేలా ఉంది, తగ్గిస్తే చల్లారేలా ఉంది.

“ఎందుకండీ ఇంత అవస్థ?” అంది గుడ్లమ్మే పేరంటాలు. “మా ఎర్రపెట్ట ఇంకా పొదుగు మీదే ఉంది. ఇటివ్వండి.”

గత్యంతరం లేక ఇచ్చింది. పెట్ట ఒక్కో సీసానే ముక్కుతో కడుపు కిందికి లాక్కుని, రెక్కలు దించి స్థిరపడింది.

“కణాలేవమ్మా?” అన్నారు మర్నాడు జగన్నాథరావుగారు.

“పేరంటాలుగారి గంపలో ఉన్నాయండి.”

ముప్పయ్యేళ్ల సర్వీసులో ఆయన ఇలాంటి సాకు వినలేదు. స్వయంగా వెళ్లి గంపలో చెయ్యి పెట్టారు. పెట్ట పొడిచింది. హోదా చూసి ఆగే రకం కాదది. రెండోసారి పొడిచాక, “కాస్త చెప్పమ్మా దానికి” అని పేరంటాలును బతిమాలుకున్నారు.

వేలికి రుమాలు చుట్టుకునే మైక్రోస్కోపులో చూశారు. గాజుకు అతుక్కుని, కదురుల్లా సన్నగా సాగి, కణాలు నిక్షేపంగా ఉన్నాయి. ఆయన నాలుగు సీసాలూ ఒక్కొక్కటే చూశారు.

“ల్యాబు ఉంటుందమ్మా” అన్నారు చివరికి. “రిపోర్టులో ఇంక్యుబేటరు ఏ కంపెనీదని రాయను?”

ఆమె ఏదో చెప్పేలోపే పేరంటాలు గుమ్మంలోకి వచ్చింది. “సీసాలు మళ్లీ ఇస్తారా అండీ? పెట్ట ఒకటే అరుపు.”

“దాని గుడ్లు దానికున్నాయిగా?” అంది కుసుమకుమారి.

“ఉన్నాయండి. మీరు కొన్న రెండూ కూడా దానివే. తిరిగొచ్చాయనుకుందేమో.”

కుసుమకుమారికి నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. సాయంత్రం కరెంటు వచ్చాక మూడు సీసాలే ఇంక్యుబేటరులో పెట్టింది. నాలుగోది గంపలో పెట్టి వచ్చింది.