మూడో నంబరు బీపీ మిషన్ వాంగ్మూలం

నేను ఒక బీపీ మిషన్‌ని. నన్ను బల్ల మీద పెట్టి, నా కళ్ళ ముందే ఒక అమ్మాయి ఉద్యోగం పీకేస్తున్నారు.

"ఇంట్లో కూర్చుని అంకెలు రాసేశావు. ఒప్పేసుకో," అంటున్నాడు సర్వే ఇన్‌చార్జి గవర్రాజు.

"నాను రాసీనేదు బాబూ! కొండెక్కి ఇల్లిల్లూ తిరిగి సూసినాను. కావాలంటే ఈ మిషన్నే అడగండి," అంది చామంతి.

నన్నెవరూ అడగలేదు.

ఫ్యాక్టరీ నుంచి నన్ను మొదట కొన్నది ఒక డాక్టరుగారు. భార్య ఫోన్ చేసిన ప్రతిసారీ తన బీపీయే చూసుకునేవారు. రిటైరయ్యాక నన్ను ఈ సర్వేకి ఇచ్చేశారు. శ్రీకాకుళం ఏజెన్సీలో సవర, జాతాపు తెగలవాళ్ళు, మైదానంవాళ్ళు ఎవరి ఆరోగ్యం ఎలా ఉందో తేల్చే సర్వే అది. చామంతి సవర పిల్ల, భాష తెలుసు. అందుకని సవర గూడేలు ఆమెకిచ్చి, తోడుగా నన్ను పంపారు. మనుషులు నన్ను దేవుడిలా నమ్ముతారు. నా మాట నచ్చకపోతే మాత్రం "ఇంకోసారి చూడమ్మా" అంటారు.

తీరా చూస్తే సవరల బీపీ మిగతావాళ్ళకన్నా పద్నాలుగు పాయింట్లు ఎక్కువ తేలింది. లెక్కలు కట్టే స్టాటిస్టిషియన్ మృణాళిని వయసు, ఉప్పు, పొగాకు అన్నీ కలిపి చూసింది. తేడా అంగుళం కదల్లేదు. అయితే సవరల రక్తంలోనే లోపం, లేదా చామంతిది దొంగ లెక్క అన్నాడు గవర్రాజు. రెండోదైతే రిపోర్టు సాయంత్రానికి అయిపోతుంది.

"ఒక్క పది నిమిషాలు ఆగండి సార్," అంది మృణాళిని. ఈసారి అంకెల్ని తేదీల వారీగా, చేతి చుట్టుకొలతల వారీగా పేర్చింది. దసరా ముందు ఏ తేడా లేదు! ఆ తర్వాతే ఎగిరింది. అదీ లావు చేతులవాళ్ళకి మరీ ఎక్కువ.

"చామంతీ, దసరాకి ఏం జరిగింది?"

"ఏటీ నేదమ్మా. సేతికి సుట్టే మిషను పట్టీ పీలికలైపోనాది. కొత్తది అడిగితే ఆపీసోళ్ళు పంపనేదు. సంతలో నా జాకెట్లు కుట్టే టైలరు కాడ కుట్టించినాను. పూల గుడ్డ. అది సూసే మా ముసలమ్మలు సెయ్యి సాపుతారు."

నిజమే. ఆ పూలు చూసుకుని నేనూ తెగ మురిసిపోయాను.

"కొలత ఏమిచ్చావు?"

"ఇచ్చేదేటి? నా జాకెట్టు సెయ్యి సూసి ఆడే కత్తిరించీసినాడు."

మృణాళిని స్కేలు పెట్టింది. పన్నెండు సెంటీమీటర్ల వెడల్పుండాల్సిన పట్టీ ఎనిమిదే ఉంది. లోపలి రబ్బరు సంచి మడతపడి ఉంది.

"గవర్రాజుగారూ, చెయ్యి ఇటివ్వండి."

ఆయనది దిట్టమైన చెయ్యి. నా పట్టీ దాని చుట్టూ కిర్రుమంది. నూట యాభై ఎనిమిది!

"అమ్మో! నాకెప్పుడూ నూట ముప్పై దాటదే! ఆంబులెన్సు పిలవండి!"

కాసేపు కూర్చోబెట్టి, జాతాపు గూడేల్లో తిరిగొచ్చిన మిషన్‌తో చూశారు. నూట ఇరవై తొమ్మిది.

"తమరు కూడా ఇంటికాడ కూకుని రాసీసినారా బాబూ?" అంది చామంతి.

గది గొల్లుమంది. గవర్రాజు చెమట తుడుచుకుని, ఆమె తొలగింపు కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

"మరి ఇన్నాళ్ళూ మనల్ని ఆడించిన దొంగెవరమ్మా?"

మృణాళిని నన్ను అందరికీ కనబడేలా పైకెత్తింది.

"సవరల రక్తం కాదు, చామంతి కాదు. ఈ మూడో నంబరు మిషను, బీపీ పెంచి చూపించిన దీని ఇరుకు పూల పట్టీ!"