కారులో పెట్టిన చెవి

అడగకుండా చేసిన మేలుకు నవ్వు మొహం పెట్టాల్సి వస్తుంది చూడండి, అంతకన్నా ఒళ్లు మండే పని ఇంకోటి ఉండదు. సృజనకు ఆ పని తప్పలేదు. మెదక్ నుంచి శంకరంపేట బడికి టీచర్లను రోజూ దింపి తీసుకొచ్చే కారు ఆమెది. కొన్నది ఆమె, నడిపేది ఆమె. ఓ ఆదివారం మొగుడు ప్రభాకర్ తాళంచెవి పట్టుకుపోయి, సాయంత్రానికల్లా డ్యాష్‌బోర్డు కోయించి, పాత రేడియో పీకించి, పళ్లెమంత ట్యాబ్ బిగించుకొచ్చాడు. తలుపుల్లో కొత్త స్పీకర్లు, డిక్కీలో గూబలదిరే డబ్బా. స్క్రీన్‌కు కుంకుమ బొట్టు కూడా పెట్టించాడు.

"మ్యాప్ చూస్కోవచ్చు, పాటలు వెట్టుకోవచ్చు. సిమ్ గూడ ఏసిన. ఇగ నీకేం ఫికర్ లేదు," అన్నాడు.

చూడకుండా తడిమి తిప్పుకునే పాత మీటలు పోయాయని సృజన ప్రాణం ఉసూరుమంది. అయినా అంత మురిసిపోతున్న మనిషిని ఏమంటుంది? మంచిగుందని ఊరుకుంది.

అసలు ఆ కారులో పాటలతో పెద్దగా పనే లేదు. వెనక సీట్లో కావ్య టీచర్, పెర్సిస్ టీచర్ పక్కపక్కన కూర్చున్నారంటే బడి వచ్చేదాకా నోళ్లు మూతపడవు. బడిలో హెడ్‌మాస్టర్ చెవులు, ఇంట్లో అత్త చెవులు. మనసులో మాట అనుకునే చోటు వాళ్లకు ఆ కారొక్కటే. సృజనకూ వినపడుతుంది గానీ, వాళ్లు దిగగానే మర్చిపోవడం ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం.

శంకరంపేటలో కిరాయికి ఇల్లు చూస్తున్నానని కావ్య చెప్పింది కూడా ఆ సీట్లోనే. "మా అత్త చాయల ఏసే చక్కెర గూడ చెంచాలు లెక్కవెడ్తది అక్కా. ఇల్లు దొరికినంక మా ఆయనకు చెప్త. ముందే చెప్తె తల్లి చెవిల ఏస్తడు."

ఇల్లు దొరకకముందే అత్తకు తెలిసిపోయింది. ఇంట్లో పెద్ద రాద్ధాంతం. మర్నాడు కారెక్కుతూనే కావ్య పెర్సిస్‌ను కడిగిపారేసింది. "నీకు తప్ప ఎవ్వరికి చెప్పలే. నమ్మినందుకు నా కొంప ముంచినవ్." పెర్సిస్ ఒట్టు పెట్టింది, బతిమాలింది, ఆఖరుకు కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ రోజు నుంచి కావ్య ముందు సీటుకు మారింది. దారంతా ఒకరికొకరు మాటల్లేవు. డ్రైవర్ కూడా వినేది కదా అని తననెవరూ అనుమానించనందుకు సృజనకు సిగ్గేసేది. ఎవరి తరఫున మాట్లాడాలో మాత్రం తోచేది కాదు.

సంగతి వంటింట్లో బయటపడింది. ఓ సాయంత్రం ఆమె చాయ పెడుతుంటే ప్రభాకర్ గడపలో నిలబడి నవ్వాడు. "ఏందే, నువ్వు గూడ కావ్య టీచర్ అత్త లెక్క చెంచాలు లెక్కవెడ్తున్నవ్?"

సృజన చెయ్యి ఆగిపోయింది. ఆ మాట కారులో అన్నది. తను ఇంటికి మోసుకురాలేదు.

"గీ మాట నీకెవరు చెప్పిండ్రు?"

నిలదీస్తే కక్కాడు. తను ఫోన్ చేస్తే ట్యాబ్ దానంతటదే, చప్పుడు చెయ్యకుండా ఎత్తేటట్టు పెట్టించాడట. రోజూ పొద్దున హోటల్లో కూర్చుని చెవిలో పెట్టుకుని వినేవాడట. కావ్య మొగుడు శశిధర్ చాయకు అక్కడికే వస్తాడు కదా, అతనితో ఇల్లు సంగతి ఓ మాట అన్నాడట.

"ఆడమనిషివి, ఒక్కదానివే రోడ్లెంబడి తిరుగుతవ్. నీ మంచికే పెట్టిచ్చిన."

"నా మీద నమ్మకం లేక పెట్టిచ్చినవ్. గది చెప్పు ముందుగాల."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. మొగుడు తనకు కాపలా కాశాడన్నది ఒక ఎత్తు. తనను నమ్మి ఎక్కిన ఆడవాళ్ల గుట్టు తన కారులోంచే బజారున పడిందన్నది ఇంకో ఎత్తు. పొయ్యి కట్టేసి తాళంచెవి అందుకుంది.

ట్యాబ్ బిగించిన బిక్షపతి దుకాణం ఇంకా తెరిచే ఉంది. తీసెయ్యమంటే అతను నసిగాడు. "అన్నను అడగాలె అక్కా. పెట్టిచ్చింది అన్న."

సృజన ఆర్సీ తీసి కౌంటర్ మీద పెట్టింది. "సదువుండ్రి. అన్న పేరున్నదా, నా పేరున్నదా?"

"తీస్తె అంత పెద్ద బొంద కనవడ్తది అక్కా."

"కనవడనీయుండ్రి."

మర్నాడు కారెక్కిన కావ్య డ్యాష్‌బోర్డులో ఆ బొందను చూసి, ట్యాబ్ ఖరాబయ్యిందా అని అడిగింది. అవునంటే సరిపోయేది. నిజం చెబితే రేపటి నుంచి ఎవరూ తన కారు ఎక్కకపోవచ్చని సృజనకు తెలుసు. ఊరు దాటకముందే కారు పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, మొగుడి పేరుతో సహా అంతా చెప్పేసింది.

వెనక నుంచి పెర్సిస్ గొంతు వచ్చింది. "కావ్య నన్ను తిట్టిన దినం గూడ ఇన్నడా?"

"ఇన్నడు అక్కా."

"నేను ఏడ్సింది గూడ?"

సృజన తలూపింది.

"నా తప్పు లేదని తెలిసి గూడ ఊకున్నడు," అంది పెర్సిస్.

కావ్య వెనక్కి తిరిగి ఆమె చెయ్యి పట్టుకుంది. "కారు తిప్పు సృజనక్కా. బడికి లేటయితె అయింది," అంది.

హోటల్ ముందు బెంచీ మీద ప్రభాకర్, శశిధర్ చాయ తాగుతున్నారు. ముగ్గురూ దిగడం చూసి ప్రభాకర్ లేచి నిలబడ్డాడు.

"కావ్య ఇల్లు సూస్తున్న ముచ్చట నీకెట్ల తెలిసింది? గీడనే, అందరి ముందల చెప్పు," అంది సృజన.

అతను చుట్టూ చూశాడు. చాయ గ్లాసులోకి చూస్తూ ఏదో గొణిగాడు. పెర్సిస్ అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇనవడ్తలేదు అన్నా. ఇన్ని దినాలు మేము మాట్లాడితె మీరు ఇన్నరు. ఇయ్యాల మీరు మాట్లాడుండ్రి, మేము ఇంటం."