కొసరు లేని పద్నాలుగు రోజులు

నేను ఒక త్రాసును. ఇనప కాడ, ఇత్తడి పళ్ళేలు రెండు, గొలుసులు ఆరు, నడుమ ఒక ముల్లు. ఊళ్ళో అందరూ నన్ను తక్కెడ అనే పిలిచేవాళ్ళు. త్రాసు అనే పెద్ద పేరు నాకు ఎలక్షన్లో వచ్చింది.

కొలిమిలో నా కాడ సాగింది, కంచరి ఇంట్లో పళ్ళేలు తయారయ్యాయి. ఒక తిరునాళ్ళలో నన్ను బేరమాడి కొన్నవాడు నూనెవారిపాలెంలో చిల్లర కొట్టు పెట్టుకున్న పిచ్చయ్య. ఇంటికి తెచ్చి ఆయన చేసిన మొదటి పని, నా కుడి పళ్ళేన్ని బోర్లించి అడుగున గోలీకాయంత చింతపండు ముద్ద అంటించడం. సరుకు పోసేది ఆ పళ్ళెంలోనే. పసిబిడ్డకి దిష్టిచుక్క పెట్టినంత మామూలుగా పెట్టాడు. పుట్టీ పుట్టగానే అబద్ధం నేర్చుకున్నానని నేను సిగ్గుపడ్డాను.

కానీ ఆ ఊరి లెక్క వేరు. తూకం అయ్యి పొట్లం కట్టబోతుంటే కొనేవాళ్ళు "కొసరేదీ?" అనేవాళ్ళు. పిచ్చయ్య మొహం చిట్లించి, "మీకు కొసర్లేసే నా కొట్టు మునిగేట్టుంది" అని గొణుగుతూనే బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి వేసేవాడు. ముద్ద అడ్డం పెట్టుకుని తీసుకున్నదీ, గుప్పెటతో ఇచ్చిందీ దాదాపు చెల్లుకు చెల్లు. ముద్ద సంగతి ఊరందరికీ తెలుసు. తెలుసని పిచ్చయ్యకీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తరు. ఎటూ సమానమయ్యేదానికి ఈ మనుషులు ఇంత తిరుగుడు ఎందుకు తిరుగుతారో, నెత్తిన ముల్లున్న నాకే అర్థమయ్యేది కాదు.

పిచ్చయ్య పోయాక కొడుకు ఏడుకొండలు కొట్లో కూర్చున్నాడు. వీశెలు పోయి కిలోలు వచ్చాయి. పాత ముద్ద ఎండి రాలినప్పుడల్లా కొత్తది పడుతూనే ఉంది.

మా ఊరికీ రోడ్డుకీ మధ్య పాలవాగు. వానలు పడితే ఊరు లంకే. వంతెనకి ఎమ్మెల్యేగారు రెండుసార్లు శంకుస్థాపన చేశారు. రెండో రాయి వేసేటప్పుడు మొదటి రాయి మీద నిలబడి మాట్లాడారు. మళ్ళీ ఎలక్షన్లు రాబోతున్న ఏడు, కార్తీకంలో ఏడుకొండలు ఉప్పు బస్తాల బండి వాగులో ఒరిగింది. ఎద్దులు బతికాయి గాని, ఉప్పంతా వాగే తాగింది. ఆ కోపంతో ఆయన కొట్టు ముందు నిలబడి తిడుతుంటే, ఎమ్మెల్యే మనిషి కోటిలింగం తీరిగ్గా బీడీ ముట్టించాడు.

"అంత మంటగా ఉంటే నువ్వే నిలబడవోయ్. కందిపప్పు తూచినట్టనుకున్నావా ఏంది?"

"నిలబడతా! గెలవకపోతే మానె. మనూరి పెట్టెలో ఓట్లన్నీ నావి కాకపోతే అప్పుడొచ్చి నవ్వు."

అవి కాగితం మీద ముద్ర గుద్దే రోజులు. ఏ ఊరి పెట్టె ఆ ఊరిదిగా లెక్కపెట్టేవాళ్ళు కాబట్టి, ఎవరి ఊరు ఎవరి వెనక ఉందో దాగేది కాదు. మా పెట్టెలో ఐదువందల నలభై ఓట్లు. అసెంబ్లీలో కుర్చీ సంగతి పైకి ఎంత చెప్పినా, ఏడుకొండలు లోపల కోరుకున్నది ఆ ఐదువందల నలభైనే. తన ఊరు తనని మనిషనుకుంటోందా లేదా, అంతే.

ఏ పార్టీ లేనివాళ్ళకి గుర్తులు చీటీ తీసి ఇచ్చారు. ఆయన చీటీలో త్రాసు వచ్చింది.

"చూశావా, దేవుడే ఇచ్చాడు" అన్నాడు ఇంటికొచ్చి.

భార్య సుబ్బరత్తం పైట కొంగు నోట్లో కుక్కుకుంది. "దేవుడికి నీ సంగతి బాగానే తెలుసయ్యా!"

నన్ను బండి మీద వాసానికి వేలాడదీసి బంతిపూల దండలు చుట్టారు. అన్నేళ్ళూ నేను చూసిన లోకం కొట్టు గడపదాకానే. ఇప్పుడు మిరప కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉండటం చూశాను, పొగాకు పందిళ్ళ వాసన చూశాను. ఊరూరా ఆడవాళ్ళు ఎదురొచ్చి ఆయనకి బొట్టుపెట్టి, ఆ చేత్తోనే నా కాడకీ ఇంత కుంకం అంటించారు. ఆ ఎండా, ఆ డప్పూ, ఆ దుమ్మూ తలుచుకుంటే ఇప్పటికీ నా గొలుసులు కదులుతాయి.

వేములబండలో కథ అడ్డం తిరిగింది. ఏడుకొండలు న్యాయం గురించి మంచి ఊపులో ఉండగా కోటిలింగం గుంపులోంచి ముందుకొచ్చాడు.

"ఆ దండలు తీసి, ఖాళీ తక్కెడ ఒకసారి పైకెత్తు. న్యాయం మేమూ చూస్తాం."

తీయక తప్పలేదు. నా కుడి పళ్ళెం నింపాదిగా కిందికి దిగింది. దాచుకోవడానికి నాకేముంది?

"గాలికి" అన్నాడు ఏడుకొండలు. చెట్టు మీద ఆకు కదలడం లేదు.

"ఆ గాలి మీ కొట్లో మీ నాయన నాటినుంచీ తోలతందంటగా అన్నా!" అంది ఒక ఆడమనిషి. నవ్వులు ఊరి చివరిదాకా పోయాయి.

ఆయన మొహం మాడిపోయింది. బండి తిప్పుకుని పోతాడనుకున్నాను. కానీ పక్కనున్న రైతు చేతిలో కొడవలి అడిగి తీసుకుని, నా పళ్ళెం తిరగేసి, ఆ ముద్దని అందరి ముందూ గీకేశాడు. "మా నాయన పెట్టాడు. నేను తియ్యలేదు. ఇవాళ తీశా" అన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక ముసలాయన మాత్రం దగ్గరికొచ్చి, ఒక కన్ను మూసి నా ముల్లుని చాలాసేపు చూశాడు. అది నిటారుగా నిలబడింది. పుట్టాక నేను నిజం చెప్పడం అదే మొదలు.

ఓట్లకి ఇంకా పద్నాలుగు రోజులున్నాయి. ఆ సాయంత్రం సుబ్బరత్తం బూడిదా చింతపండూ వేసి నన్ను తళతళా తోమింది. ఏడుకొండలు కొత్త నియమం చెప్పాడు: "ఇకనుంచి ముల్లు నడిమధ్య నిలబడాల్సిందే. కొసరు అడగకూడదు, వెయ్యకూడదు. న్యాయమంటే న్యాయమే."

"ముద్ద తీస్తే తీశావు, బాగుంది. కొసరు జోలికి పోమాకయ్యా."

"మోసం లేనప్పుడు కొసరెందుకే?"

"అది మోసానికా, వాళ్ళు అడిగేది?" అంది ఆవిడ. ఆయన వినిపించుకోలేదు.

మర్నాడు పొద్దున్నే పేరంటాలమ్మ వచ్చింది. పిచ్చయ్య కొట్టు తెరిచిన నాటినుంచీ బేరం చేస్తున్న ముసలామె. కిలో కందిపప్పు తూచాడు. ముల్లు మధ్యలో నిలిచింది. ఆవిడ ఒడి పట్టుకుని అలాగే నిలబడింది.

"కొసరెయ్యరా అబ్బాయ్."

"లేదు పెద్దమ్మా. ఇప్పుడు తూకం నిక్కచ్చి. ముద్ద తీసేశా, నువ్వే చూసుకో."

"ముద్ద నేనడిగానా? మీ నాయన నా కాడ దొంగతూకం తూచాడు గాని, ఒక్కనాడూ చెయ్యి దులిపి పంపలా." ఒడిలో పప్పు సర్దుకుని, వెనక్కి చూడకుండా పోయింది.

పద్నాలుగు రోజులూ అదే వరస. తూకం గింజ తేడా లేదు, కొట్లో మాటా లేదు. మిరపకాయలకి వచ్చినవాళ్ళు కూతురి పెళ్ళి కబురూ, బర్రె ఈనిన సంగతీ చెప్పకుండా పొట్లం తీసుకుని పోయారు. నేను అంత నిజంగానూ, అంత ఒంటరిగానూ ఎప్పుడూ లేను.

లెక్కింపు రోజున మా పెట్టె తెరిచారు. ఐదువందల నలభైలో ఆయనకి పడ్డవి అరవై ఒకటి. వేములబండ పెట్టెలో మూడువందల పన్నెండు పడ్డాయి. ఆ ఊరివాళ్ళు మా కొట్లో కొసరు ఎరగరు కదా, వాళ్ళకి పోయిందేమీ లేదు. ముద్ద గీకిన చెయ్యి మాత్రం కళ్ళారా చూశారు. మొత్తం మీద డిపాజిట్టు దక్కలేదు. కోటిలింగం కొట్టు ముందుకొచ్చి నవ్వాడు. అన్నమాట ప్రకారం ఏడుకొండలు తల వంచుకుని నవ్వనిచ్చాడు.

మూడు రోజులు కొట్టు తెరవలేదు. నాలుగో పొద్దున తలుపు తీస్తే, మెట్టు మీద పేరంటాలమ్మ.

"కిలో కందిపప్పు."

తూచాడు. ముల్లు మధ్యలో నిలిచింది. పళ్ళెం వంచి ఆవిడ ఒడిలో పోశాడు. ఆయన బస్తాలో చెయ్యి పెట్టాడు. గుప్పెడు తీసి పైన వేశాడు.

"నీకు ఓటెయ్యలేదురా నేను" అంది ఆవిడ.

"తెలుసు పెద్దమ్మా."

"తెలిసే ఏశావా?"

"ఊ."

ఆవిడ మెట్టు దిగబోయి ఆగింది. "మా కోడలికి నెల తప్పింది, చెప్పలా నీకు" అంటూ వెనక్కొచ్చి అరుగు మీద కూర్చుంది. మధ్యాన్నానికి అరుగు నిండింది.

ఏడుకొండలు మళ్ళీ నిలబడలేదు. నా పళ్ళెం కింద మళ్ళీ ముద్ద పడలేదు. వేములబండ ఓట్లు చూసి గుబులు పుట్టిందేమో, రెండేళ్ళకి ఎమ్మెల్యేగారే వంతెన కట్టించారు. దాని మీద రాతిలో ఏడుకొండలు పేరు లేదు. ఉప్పు బండి దాటిన ప్రతిసారీ ఆయన ఆ రాతి వైపు చూసి దగ్గేవాడు, అంతే.

ఇప్పుడు ఆయనా లేడు, పేరంటాలమ్మా లేదు. కొట్టుని ఏడుకొండలు కూతురు నాగరత్నం చూసుకుంటోంది. బల్ల మీద కరెంటు కాటా, దానికి ఎర్ర అంకెలు. నేను గోడకి మేకున వేలాడుతున్నాను. ఒక పళ్ళెంలో అగ్గిపెట్టెలు, రెండోదాంట్లో పూజకి తెచ్చిన పూలు.

కాటా మీద అంకె సరిగ్గా నిలబడ్డాక, నాగరత్నం బస్తాలో చెయ్యి పెట్టి ఇంకో గుప్పెడు వేస్తుంది. ఎర్ర అంకెలు గాభరాగా పైకి ఎగబాకుతాయి. ఎందుకు వేసిందో ఆ కాటాకి ఇంకా అర్థం కాలేదు. దాన్నేమీ అనను. నాకైతే ఒక ఎలక్షను పట్టింది.