క్లోజప్పులో చూపు

ఆమెకు ఆస్తి అంటూ ఉన్నది ఒక్కటే. ఒక పాత ప్రేమ సినిమా చివర్లో హీరో చూసిన చూపు. ఆ హీరో ఆమె మొగుడే.

ఆ ఘట్టం తెలియనివాళ్లు తక్కువ. విడిపోయే ముందు హీరో హీరోయిన్ని చూస్తాడు. మాట ఉండదు. సగం ముఖం చీకట్లో, తడిగా మెరిసే కళ్లు, వెనక మెల్లగా లేచే వయొలిన్. అంతే, హాల్లో రుమాళ్లు బయటికొస్తాయి. తాతలు ఏడ్చారు, ఇప్పుడు మనవలూ ఏడుస్తున్నారు.

ఆ చూపు హీరోయిన్‌కే దక్కిందని జనం నమ్మకం. పాపం జనం! ఆవిడ ఆ రోజు తన షాట్లు ముగించుకుని ఇంకో సినిమాకి చెక్కేసింది. ఆవిడ బదులు కెమెరా పక్కన నిలబడ్డది ఈవిడ. హీరోయిన్ వచ్చేలోగా లైట్లు సరిచూసుకోవడానికి గంటల తరబడి నిలబడటమే ఈవిడ ఉద్యోగం. యూనిట్ వాళ్లు లైటు స్టాండ్లతో కలిపేసి "స్టాండమ్మా" అని పిలిచేవారు. హీరో ఆ చూపు చూశాడు, సెట్టంతా చప్పట్లు కొట్టింది, ఆ ఏడాదే ఆయన ఈవిణ్ణి పెళ్లాడాడు. ఇంక అనుమానం ఎందుకొస్తుంది?

సణగకుండా పడి ఉండే పిల్ల కావాలనుకున్నాడని తర్వాత్తర్వాత తెలిసింది. మళ్లీ ఎన్నడూ అలా చూడలేదు. తాగొచ్చి చెయ్యి చేసుకున్నాడు. వేషాలు తగ్గాక ఆ కసి కూడా ఈవిడ మీదే తీర్చుకున్నాడు.

"ఇంకా ఎందుకే ఆ మనిషితో? నా దగ్గరకి వచ్చెయ్యవే అక్కా," అని చెల్లెలు మొత్తుకునేది.

"నీకు తెలీదులే. ఆయన మనసులో నేనున్నాను. పైకి చూపించరు, అంతే."

టీవీలో ఆ సినిమా వచ్చిన రోజు వాచిన చెంపతోనే కూర్చుని చూసేది, అన్నీ మాఫీ చేసేసేది. పిచ్చిదని తీసిపారేయకండి. ఆ చూపు చూసి మీరూ నమ్మారుగా!

ఇప్పుడాయన పక్షవాతంతో మంచాన పడ్డాడు. బుర్ర మాత్రం భేషుగ్గా పనిచేస్తోంది, నోరు ఇంకా బాగా. పాత సినిమాను బాగుచేసి మళ్లీ విడుదల చేస్తున్నాం, వచ్చి చూడండని ల్యాబ్ నుంచి కబురొస్తే, చెల్లెల్ని ఆయన దగ్గర ఉంచి ఈవిడే వెళ్లింది.

రీళ్లు బాగుచేసే బట్టతలాయన మాటల పోగు. "అదృష్టం చూడండమ్మా, ఎడిటింగ్‌లో తీసేసిన ముక్కలు కూడా దొరికాయి. ఆ చివరి షాటు మొదట్నుంచీ ఉంది. శబ్దం లేదు, వెలుగునీడలు ఇంకా సరిచెయ్యలేదు. ముందు అలాగే వేస్తాను."

తెర మీద మొగుడి ముఖం వచ్చింది. అంతా ఒకటే బూడిద రంగు. ఎవరో అడ్డమొచ్చినట్టు విసుక్కుని, ఈగను తోలినట్టు చేత్తో పక్కకు పొమ్మన్నాడు. తర్వాత రెప్ప వెయ్యకుండా గుడ్లప్పగించి చూశాడు. బస్సు కోసం చూసేవాడి ముఖంలోనైనా ఇంతకంటే ప్రేమ ఉంటుంది. కళ్లలో నీళ్లు ఊరాయి. షాటు అవగానే కళ్లు నులుముకుని ఎవరినో తిట్టాడు.

పక్కకు జరగమన్నది తననే. ఆ చెయ్యి ఊపడం ఆమెకు గుర్తుంది. ఎదురుగా తనుంటే సిగ్గుపడుతున్నాడని ఇన్నాళ్లూ మురిసిపోయింది.

"ఏం చూస్తున్నారాయన?" అని అడిగింది.

"లైటునమ్మా. కంట్లో మెరుపు కోసం కెమెరా పక్కనే చిన్న లైటు పెట్టారు. కదలకుండా దాన్ని అంతసేపు చూడటం మాటలా? అదీ నటనే. ఇప్పుడు చూడండి."

బట్టతలాయన మీటలు తిప్పి, సంగీతం జోడించాడు. సగం ముఖం చీకట్లోకి జారింది. వయొలిన్ లేచింది. అవే కళ్లు, ఈ లోకంలో ఇంకెవరూ అక్కర్లేదన్నట్టు నేరుగా ఆమెనే చూశాయి. నిజం తెలిసి కూడా ఆమె ఏడ్చింది. ఏడుస్తున్నందుకు తనంటే తనకే అసహ్యం వేసింది.

"చూశారా! ఎన్నాళ్లయినా ఈ సినిమాకి చావు లేదు," అన్నాడాయన సంబరంగా.

ఇంటికొచ్చేసరికి మొగుడు రుసరుసలాడుతున్నాడు. "ఇంతసేపా? ఎలా ఉన్నాను?"

"బాగున్నారు." చెల్లెలు వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి మంచం పక్కన కూర్చుంది. లైటునే చూశాడు, సరే. తను అక్కడ ఉందన్న గుర్తు ఆయనకి ఉంటే చాలు, ఇన్నేళ్లకి ఆ కాస్తా చాలు అనుకుంది. "ఏమండీ, ఆ చివరి షాటప్పుడు కెమెరా పక్కన ఎవరు నిలబడ్డారో గుర్తుందా?"

ఆయన నుదురు చిట్లించి నిజంగానే ఆలోచించాడు.

"లైటు గుర్తుంది. కళ్లు మండి చచ్చాను. మనుషులెవరూ లేరే!" ఆమె వంక వింతగా చూశాడు. "ఏం, నువ్వున్నావా అక్కడ?"

"లేను లెండి," అంది ఆమె. వీపు పుళ్లు పడకుండా ఆయన్ని అవతలి పక్కకి తిప్పి పడుకోబెట్టింది.