మా పేరు మీద పడవ

మాకు పడవ ఉందని పంచాయతీ సెక్రటరీ దీక్షిత మేడం చెప్పినప్పుడు నేను నవ్వాను. నవ్వక ఏం చేయాలి? మా ఊరు చేవెళ్ల నుంచి ఆటోలో పావుగంట. వాగు లేదు, ప్రాజెక్టు లేదు. వానాకాలంలో నీళ్లు నిలిచేది మా ఇంట్లోనే, రేకుల చిల్లుల పుణ్యమా అని.

ఆమె నవ్వలేదు. కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది.

"చూడుండ్రి అక్క. శాంసన్, తండ్రి అబ్రహాము. ఆధార్ నంబర్ మీ ఆయనదే. మోటారు బోటు, రిజిస్ట్రేషన్ అయి మూడేండ్లయింది. బోటున్నోళ్ల పేరు ఇండ్ల లిస్టుల ఉండొద్దట. ఆన్‌లైన్ల అదే కొట్టేసింది, నేను కొట్టలే."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. సర్కారు ఇంటి లిస్టులో మా పేరు రావడానికి ఆరేళ్లు పట్టింది. వచ్చిన మర్నాడే శాంసన్ ముగ్గు పోసి పునాది తవ్వడం మొదలుపెట్టాడు. మా అత్త మారెమ్మకు చూపు సరిగా ఆనదు. రోజూ గుంత అంచున స్టూలేసుకుని కూర్చుని, ఎంత లోతయిందిరా అని కొడుకును అడిగేది. పుట్టినప్పటి నుంచి గడ్డి కిందా, రేకుల కిందా బతికిన మనిషి. స్లాబు కింద ఒక్క వానాకాలం పడుకుని పోతే చాలని ఆమె ఆశ. ఆ ఇల్లు ఒక పడవ మూలంగా పోతుందంటే నాకు ఒళ్లు మండిపోయింది.

అసలు కోపం రావలసింది మా మీద మాకే.

నేనూ శాంసన్ తొమ్మిదేళ్లు అజీజ్‌నగర్‌లో ఒక ఫాంహౌసులో పనిచేశాం. ఆయన వాచ్‌మెన్, తోట పని కూడా ఆయనదే. నేను వంట. ఆ ఫాంహౌసుల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏది కొన్నా కాగితాలు పనివాళ్ల పేరు మీద చేయిస్తారు. కరెంటు మీటరు శాంసన్ పేరు మీద, గ్యాసు నా పేరు మీద, ఆఖరికి ఓనరు సారు తెచ్చిన జర్మన్ కుక్క లైసెన్సు కూడా నా పేరు మీదే. నేను తెల్లారగట్ల లేచి దానికి కోడిమాంసం ఉడకబెట్టేదాన్ని, కాగితంలో మాత్రం దాని యజమానిని. ఆధార్ జిరాక్సులు పది తీయించి బియ్యం డబ్బా మీద పెట్టుకునేవాళ్లం, ఎప్పుడు అడుగుతారో తెలియదు కదా.

మూడేళ్ల కింద సారు ఎర్ర మోటారు బోటు ఒకటి కొన్నాడు. ట్రాలీ మీద ఎక్కడెక్కడి చెరువులకో తీసుకుపోయి దోస్తులతో తిరుగుతానన్నాడు.

"శాంసన్, నీ పేరు మీద చేపిద్దాం," అన్నాడు. "బోటు మీద బతికే లోకల్ మనిషి అంటే టాక్స్ తక్కువ పడతది, పని జల్దీ అయితది. నామ్‌కే వాస్తే, ఉత్త పేరుకే, నువ్వేం ఫికర్ చెయ్యకు."

శాంసన్ నోట్లో నాలుక లేని మనిషి. సారు చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. స్టాంపు కాగితం మీద కూడా పెట్టాడు. అందులో ఏం రాశారో ఆయన చదవలేదు, నేను అడగలేదు.

అంతటితో ఆగితే మా ఖర్మ ఇంత కాలకపోవును. మా చర్చిలో ఒక అలవాటు ఉంది. ఇంటికి కొత్తగా ఏది వచ్చినా, సైకిలైనా బర్రెయినా, కవరులో కృతజ్ఞత కానుక పెట్టి, ఎందుకో పైన రాసిస్తాం. అయ్యగారు దాన్ని అందరి ముందూ చదువుతారు. మా మామ అబ్రహాము ఒకరి పొలంలో పుట్టి ఒకరి పొలంలోనే చనిపోయాడు. ఆయన పోయేనాటికి ఓటరు కార్డు తప్ప ఆయన పేరున ఏమీ లేదు. ఆ ఇంటి కొడుక్కి గుండ్రటి ముద్ర వేసిన రిజిస్ట్రేషన్ కాగితం చేతికొచ్చేసరికి మనసు ఆగలేదు. ఎవరిదైతేనేం, తన పేరుంది కదా. కవరు మీద తనే రాశాడు, 'నా పేరు మీద పడవ రాయించిన దేవునికి స్తోత్రం' అని. అయ్యగారు చదివారు. చర్చంతా హల్లెలూయా అన్నది. అబద్ధమెందుకు, నేనూ మురిసిపోయాను. ఆ రోజు కొత్త చీర కట్టుకున్నాను.

పోయినేడాది సారు ఫాంహౌసు అమ్మేశాడు. కొత్తవాళ్లు వేరే పనివాళ్లను తెచ్చుకున్నారు, మేము ఊరికి వచ్చేశాం. బోటు లారీ ఎక్కింది. ఎక్కడికి పోయిందో మేము అడగలేదు. మనది కాని వస్తువు గురించి ఎవరడుగుతారు?

సెక్రటరీ మేడం చెప్పిన తెల్లారే బస్సెక్కి పట్నం పోయాం, పడవలు రిజిస్ట్రేషన్ చేసే ఆఫీసుకు. అక్కడి గుమాస్తా మంచివాడే. కుర్చీ చూపించాడు, నీళ్లిచ్చాడు. పేరు తీసెయ్యాలంటే ఏం కావాలో కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు. రిజిస్ట్రేషన్ అయినప్పటి నుంచి టాక్సు కట్టలేదు, అది కట్టాలి. బోటు తెచ్చి చూపించాలి. కొన్నవాడు వచ్చి సంతకం పెట్టాలి.

"బోటు మా దగ్గర లేదు సార్," అన్నాడు శాంసన్.

"మరి ఎవరికి అమ్మినవ్?"

"నేను అమ్మలే సార్."

"పోయిందా? అయితే ఠాణాల కంప్లైంట్ ఇచ్చి, ఆ కాగితం తే."

"పోలే సార్. అది నాది కాదు."

గుమాస్తా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇక్కడ నీదని ఉన్నది కదా అన్న," అన్నాడు మెల్లగా. నాకు ఆ మనిషి మీద అరవాలనిపించింది, కానీ అతను చెప్పిన దాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు.

సారుకు ఫోన్ చేశాం. మొదటిసారి ఎత్తాడు. "అరే శాంసన్, ఎట్లున్నవ్? చూద్దాం, మా సీఏతోని మాట్లాడత," అన్నాడు. రెండోసారి మీటింగులో ఉన్నానన్నాడు. ఆ తర్వాత రింగు కూడా పోలేదు. తొమ్మిదేళ్లు నా చేతి కూడు తిన్న మనిషి. ఆయనకు ఉప్పు ఎంత పడుతుందో నాకు ఇప్పటికీ తెలుసు.

తిరిగి దీక్షిత మేడం దగ్గరికే పోయాం. ఆమెకు మా మీద జాలే. "ఊర్ల ఇద్దరు పెద్దమనుషులు, బోటు మీది కాదని రాసిస్తే విచారణ పెడత," అన్నది. పెద్దమనిషి అనగానే మాకు గుర్తొచ్చింది రత్నాకర్ సార్. రిటైరైన టీచరు, మా చర్చి సంఘానికి పెద్ద. ఆయన సంతకం పెడితే రెండోవాడు వెనకాలే పెడతాడు.

మేము రాసుకుపోయిన కాగితం రత్నాకర్ సార్ రెండుసార్లు చదివాడు. లోపలికి పోయి కానుకల రిజిస్టరు తెచ్చాడు. మా పేరున్న వరసనూ, దాని పక్కన పిన్ను గుచ్చిన ఆనాటి కవరునూ వేలు పెట్టి చూపించాడు.

"ఇది నీ రాతే కదా శాంసన్?"

"నాదే సార్."

"దేవుని సన్నిధిల పడవ వచ్చిందని స్తోత్రం చెప్పినవ్. నేను ఆమెన్ అన్న. ఇప్పుడు పడవ లేదని నేను ఎట్ల రాసియ్యాలె? అప్పుడు దేవునికి అబద్ధం చెప్పినవా, ఇప్పుడు సర్కారుకు చెప్తున్నవా?"

"మా బతుకేందో మీకెరికలేదా సార్?" అన్నాను. "బోటున్నోళ్లు గిట్ల ఉంటరా? మా ఇంట్ల కూసొని చాయ్ తాగినప్పుడు రేకులు చూడలేదా మీరు?"

"ఎరుకే బిడ్డా," అన్నాడు ఆయన. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మంచిగ ఎరుకే. గాని చెవులార విన్నదాన్ని వినలేదని రాయలేను."

మొండి మనిషని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. ఆయన నిజాయితీకి దొరికింది మా ఇల్లేనా?

సంతకాలు లేకపోయినా మేడం విచారణ పెట్టింది. పంచాయతీ ఆఫీసులో మేమిద్దరం, ఆమె, బల్ల మీద ఒక ఫైలు. పట్నం ఆఫీసు నుంచి తెప్పించిందట. అందులో మా స్టాంపు కాగితం ఉంది. ఆమె చదువుతుంటే మొదటిసారి విన్నాను. ఈ పడవ నా సొంత కష్టార్జితంతో కొన్నాను, నా బతుకుదెరువు దీని మీదే, ఇది అబద్ధమైతే శిక్షకు ఒప్పుకుంటాను. కింద శాంసన్ సంతకం, వంకర లేకుండా, పరీక్షలో పెట్టినట్టు.

మేడం తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"అన్నా, జర సమజ్ చేసుకో. బోటు నీదంటే ఇల్లు రాదు. నీది కాదంటే, అప్పుడు అబద్ధం రాసిచ్చినట్టు. అది నేను పైకి పంపాల్నే. కేసు అయితది. కేసైనా ఇల్లు వస్తదో రాదో నేను చెప్పలేను."

"మరి ఆ సారుకు ఏం కాదా మేడం?" అని అడిగాను.

"ఆయన పేరు ఏ కాగితంల లేదక్క."

శాంసన్ లేచి నిలబడ్డాడు. తొమ్మిదేళ్లలో సారు ముందు ఆయన అలా నిలబడడం నేను ఎన్నడూ చూడలేదు. "నాది కాదని రాసుకోండ్రి మేడం," అన్నాడు. "కేసైతే కానియ్యిండ్రి. మా అమ్మకు ఒక్క ఇల్లు..."

నేను ఆయన చొక్కా పట్టి గుంజి కూర్చోబెట్టాను. పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కని వంశం. లోపలేస్తే ఈ మనిషి ఒక్కరోజు తట్టుకోడు. వస్తుందో రాదో తెలియని ఇంటి కోసం ఉన్న మనిషిని పోగొట్టుకోనా?

"మాదే మేడం," అన్నాను. "బోటు మాదే. రాసుకో."

మేడం నా మొహం వైపు చూడలేదు. రాసుకుంది. ఇంటి దరఖాస్తు మేమే వెనక్కి తీసుకుంటున్నట్టు ఒక కాగితం మీద శాంసన్ సంతకం పెట్టాడు. "ఒప్పుకున్నరు కాబట్టి టాక్స్ నోటీసులు ఇగ మీకే వస్తయి," అని మేడం చెప్పింది. చెప్పడం ఆమె డ్యూటీ.

ఇంటికొచ్చేసరికి మా అత్త గుంత అంచున స్టూలు మీదే ఉంది. ఊరన్నాక మాట ఆగుతుందా, ఎవరో మాకంటే ముందొచ్చి చెప్పినట్టున్నారు. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నా చెయ్యి వెతికి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"పడవ మనదేనట కదా విజయరాణీ," అన్నది. "నాకెన్నడు చూపియ్యకపోతిరి. కండ్లు మొత్తమే పోకముందు ఒక్కపారి తీస్కపోరాదు, చూసొస్త."

అది ఏ ఊళ్లో, ఏ నీళ్ల మీద ఉందో మాకు తెలియదు. పోదాం అత్తమ్మా, అన్నాను. ఎప్పుడు అని అడిగింది.