పగలని పిల్ల

తొండియార్‌పేటలో ఆ వీధివాళ్ళు అటకమీది జాడీ దించాలంటే కనకవల్లిని పిలిచి పక్కన నిలబెట్టుకుంటారు. ఆ పిల్లకు భయమేస్తే చుట్టూ చేయిజారినవన్నీ నెమ్మదిగా దిగుతాయి. తండ్రి వరదరాజులు దగ్గితేనే వణికే ఇల్లు కాబట్టి భయానికి ఎన్నడూ కరువు రాలేదు. గుడ్లమ్మే లూర్దుమేరి రోజూ కేకేసేది. "పాపా, రవంత ఈడ నిలబడు, బుట్టతో మెట్లు దిగేస్తా."

ఏదీ పగలనివ్వని పిల్ల మంచి కోడలవుతుందని మాధవరం గోపాలస్వామి ఇంటివాళ్ళు అడిగారు. ఇంటర్ ప్రాక్టికల్ తప్పితే ఆ పెళ్ళే, నెగ్గితే బీఎస్సీ అన్నాడు వరదరాజులు. తప్పుతుందన్న ధీమాతో పరీక్షనాడే తాంబూలానికి టెంకాయ కొని, కాలేజీ గేటు దగ్గర నిలబడ్డాడు.

లోపల కనకవల్లికి లోలకం వచ్చింది. మీటరు దారానికి గుండు కట్టి ఊపాలి. ఇరవై ఊపులకు పట్టిన కాలాన్నిబట్టి భూమి ఎంత గట్టిగా లాగుతోందో లెక్కకట్టాలి. మద్రాసులో జవాబు సెంటీమీటర్ల లెక్కన 978 అని అందరికీ తెలుసు. అందుకే అమ్మాయిలంతా ముందు జవాబు రాసేసి, దానికి సరిపడా కాలాన్ని వెనక్కి లెక్కేస్తున్నారు. ఎవరో చెప్పిన జవాబుకు సరిపడా బతుకునే వెనక్కి లెక్కేసుకునేవాళ్ళకు ఇదొక లెక్కా?

కనకవల్లి గుండు నలభై సెకండ్లలో ముగించాల్సిన ఇరవై ఊపులకు ఎనభై తీసుకుంది. మళ్ళీ ఊపింది. మళ్ళీ ఎనభై.

"978 వేసెయ్యవే, పైత్యమా! మాధవరం పోతావా?" పక్కనుంచి పంకజం గొణిగింది.

భయపడుతూనే కనకవల్లి వచ్చిందే రాసింది. 247.

పరీక్షకుడిగా వచ్చిన జనార్దనం కాగితం చూసి కళ్ళజోడు పైకి నెట్టాడు. "ఏమ్మా, భూమికి సుస్తీ చేసిందా?"

"నాకొచ్చింది అదే సార్."

ఆయనే గడియారం పట్టుకుని లెక్కపెట్టాడు. ఎనభై. ఆయన చేతిలోని సుద్దముక్క జారి, తీరిగ్గా నేలకు దిగింది.

"ఓహో, నీ దగ్గర ఇంతేనన్నమాట. ఇంతమందిలో చూసి రాసింది నువ్వొక్కదానివే." నిండా మార్కులు వేసి ఆమెకు చూపించాడు.

గేటు దగ్గర వరదరాజులు టెంకాయ చేతిలోకి తీసుకున్నాడు. "పోయిందా?"

"నెగ్గినాను నాయనా. బీఎస్సీకి పోతా."

ఆయన దగ్గాడు. కనకవల్లి వణకలేదు.

"ఆడ మాధవరంలో మాటిచ్చేసినానే!"

"నాకూ ఇచ్చినావు కదా."

ఆయన చేతిలోంచి టెంకాయ జారింది. ఇంట్లో అలవాటుకొద్దీ, మధ్యలో పట్టుకోవచ్చులెమ్మని నింపాదిగా వంగాడు. టెంకాయ టప్పున నేలను తాకి రెండు చెక్కలైంది.

కనకవల్లి ఒక చెక్క ఏరుకుని దుమ్ము ఊదింది.

"నీళ్ళు పోయినాయి నాయనా. కొబ్బరి బాగుండాది, తిను."