నాలుగో రీలు

మార్చి నెలలో ఒక సోమవారం ఉదయం నా భార్య బెరాంజేర్, మూలాన్ పట్టణం ఆసుపత్రిలో పోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ముందురోజు మధ్యాహ్నమే తను తీసిన సినిమాను మా ఊరి హాల్లో ఒకసారి వేయించి చూసుకుంది. ఖాళీ హాల్లో తనూ నేనూ, పైన ప్రొజెక్టర్ గదిలో అన్సెల్మ్, అంతే. సాయంత్రానికి తలనొప్పి అంది. మంచం మీద నాతో అన్న ఆఖరి పూర్తి వాక్యం కూడా సినిమా గురించే.

"డబ్బాలు పారిస్ పంపే ముందు ఒక్కసారి తెరిచి చూడు."

నేను చూడలేదు. గురువారం ఖననం అయ్యాక ఆరు డబ్బాలనూ అలాగే స్టేషన్‌కు తీసుకెళ్ళి పారిస్ బండికి అప్పగించాను. ఆ రీళ్ళ మీద అంకెలు లేవు. డబ్బాల మీదే ఉన్నాయి. అన్సెల్మ్ నాలుగో రీలును అయిదో డబ్బాలో, అయిదోదాన్ని నాలుగో డబ్బాలో సర్దాడు. అతను అప్పుడప్పుడూ అలా చేస్తాడని బెరాంజేర్‌కు తెలుసు. నాకూ తెలుసు.

సినిమా పేరు 'ఖాళీ పక్క'. కథ చిన్నది. మాతురీన్ ఒక రొట్టెల దుకాణం నడుపుతుంటుంది. నాలుగో రీలులో ఆమె భర్త జబ్బుతో చనిపోతాడు. రెండేళ్ళపాటు ఆమె అతని చొక్కాలు ఉతికి ఆరేస్తూనే ఉంటుంది. అయిదో రీలులో, సంతాపపు నల్లబట్టలు ఇంకా విడవకుండానే, మరిదితో పడుకుంటుంది. ఆ సన్నివేశాన్ని బెరాంజేర్ ఏమీ దాచకుండా తీసింది. ఏడ్చే ఒంటికి కూడా ఆకలి ఉంటుందనీ, ఆ మాట పైకి అనడానికి ఎవరికీ నోరు రాదనీ ఆమె నాతో ఎన్నోసార్లు అంది.

రీళ్ళు తారుమారయ్యేసరికి, భర్త మేడ మీద దగ్గుతూ ఉండగానే ఆమె మరిదితో పడుకున్నట్టయింది. ఆ తరువాత భర్త చనిపోతాడు.

మూడు వారాల తర్వాత బుధవారం విడుదల. ఆ ఉదయం పత్రికలన్నీ కొని మా బడి స్టాఫ్‌రూంలో చదివాను. చర్చి వైపు మొగ్గే పత్రిక ఈ సినిమాను ఆపించాలంది. దానికి పడని పత్రిక, పశ్చాత్తాపం అనే పాతసామానును వీధిలో పారేసిన చిత్రమని మెచ్చుకుంది. ఒక వారపత్రికలో విమర్శకులు నక్షత్రాలు వేసే పట్టిక ఉంటుంది. ఇద్దరు నాలుగేసి నక్షత్రాలు వేశారు, ముగ్గురు బాగాలేదని నల్లచుక్క పెట్టారు. రెజిస్ మలవాల్ అనే పేరుమోసిన విమర్శకుడు మూడు పేజీలు రాశాడు. "భర్త బతికుండగానే నల్లబట్టలు తొడిగిన మాతురీన్, తన పెళ్ళికి ముందుగానే సంతాపం పాటిస్తోంది" అన్నది అందులో ఒక వాక్యం. రెండుసార్లు చదివాను. ఆమె నల్లబట్టలు వేసుకున్నది భర్త చనిపోయాడు కనుక.

శనివారం పారిస్ వెళ్ళి మధ్యాహ్నం రెండు గంటల ఆటకు కూర్చున్నాను. నా అనుమానం నిజమే. బయటికొచ్చి, సినిమాను విడుదల చేసిన మేడమ్ వోక్లాన్ ఆఫీసుకు నడిచాను.

"క్యూ చూశారా మాస్టారూ? మలుపు తిరిగి మందుల షాపు దాకా ఉంది!" అంది ఆమె.

"నాలుగు, అయిదు రీళ్ళు తారుమారయ్యాయి మేడమ్."

"తెలుసు. మా ఆపరేటర్‌కు మొదటి రోజే అనుమానం వచ్చింది."

"మరి?"

"మరేముంది? అప్పటికే మలవాల్ రాసేశాడు. ఇప్పుడు సర్దితే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? నా మొహం ఎక్కడ పెట్టుకోను? పై వారం ఇదే వరసలో ఇంకో పదకొండు ప్రతులు వేయిస్తున్నా. మీ ఆవిడకు ఎప్పుడైనా ఇంత పేరు వచ్చిందా, చెప్పండి?"

"ఇప్పుడు కూడా రాలేదు. అన్సెల్మ్‌కు వచ్చింది."

ఆమె నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

మలవాల్‌కు ఉత్తరం రాశాను. ఆయన మర్యాదస్తుడు, కాఫీకి పిలిచాడు. నేను చెప్పిందంతా తలూపుతూ విన్నాడు.

"మీరు సాహిత్యం చెప్తారట కదా. రాసినవాళ్ళు అనుకున్నదొక్కటే అర్థమని పిల్లలకు చెప్తారా?"

"చెప్పను. కానీ పుస్తకంలో పేజీలు తప్పుగా కుట్టి వస్తే, కుట్టినవాణ్ణి కవి అని కూడా చెప్పను."

"అబ్బ, బాగుంది! రాసుకోనా?"

"రాసుకోండి. దాని కింద సవరణ కూడా వేయండి."

"సవరణా? విమర్శకుడు సవరణ వేసుకోవడం మీరెక్కడైనా చూశారా మాస్టారూ?" చెంచాతో కాఫీ కలిపాడు. "అయినా నాకు తెలియక అడుగుతాను. భర్త పోయిన రెండేళ్ళకు ఒక ఆడది మరొకరితో పడుకుంటే అందులో తప్పేముంది? దాని మీద సినిమా ఎందుకు?"

"తప్పేముందనే బెరాంజేర్ కూడా అడిగింది."

"ఆ ప్రశ్నకు క్యూ రాదు," అన్నాడు, నిజంగానే జాలిపడుతూ.

మే నెలలో మా ఊరి సినీ క్లబ్బు కోసం ఒక ప్రతి తెప్పించాను. అన్సెల్మ్ మెట్ల దగ్గర నిలబడిపోయాడు.

"నన్ను చంపెయ్యండి మాస్టారూ."

"ముందు రీళ్ళు మార్చు. తర్వాత చూద్దాం."

మార్చాడు. హాలు నిండింది. ఆట అయ్యాక మామూలుగా జరిగే చర్చకు దీపాలు వెలిగించాం. మొదట మా ఊరి మందుల షాపాయన లేచాడు.

"ఏదండీ ఆ గొడవంతా? పారిస్‌లో వేసింది మాకు వెయ్యలేదేం? పల్లెటూరి వాళ్ళమనా?"

"ఒక్క ముక్క కూడా తీయలేదు. వరస సరిచేశాం, అంతే," అన్నాను.

"అయితే రెండు గంటలూ చొక్కాలు ఆరెయ్యడమేనా? అది మా ఆవిడ రోజూ చేస్తుంది, టిక్కెట్టు కూడా అడగదు!"

"నువ్వు పోయాక కూడా ఆరేస్తుందంటావా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. ఇంకొకరు లేచి, భార్య పోయిన మనిషిని నొప్పించడం ఇష్టంలేదంటూనే, భర్తే కత్తెర పట్టుకుంటే ఇక కళ ఎక్కడిదని అడిగారు. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. పిల్లలకు పాఠం రెండోసారి చెప్పినప్పుడు కొందరికైనా అర్థమవుతుంది. ఇక్కడ కాలేదు. గురువారం స్థానిక పత్రిక, సంప్రదాయవాది అయిన ఉపాధ్యాయుడు సిగ్గుపడి భార్య సినిమాను శుభ్రం చేశాడని రాసింది.

ఆట రోజున హాలు ఖాళీ అయ్యేదాకా మేడమ్ ఫిలిబెర్ మాత్రం కూర్చునే ఉంది. మా పక్కింటావిడ. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఖననం రోజున నాకు బంగాళాదుంపలు కూరి కాల్చిన రొట్టె చేసి తెచ్చింది ఆవిడే. కోటు బొత్తాలు పెట్టుకుంటూ అంది.

"నేను నాలుగేళ్ళు ఉతికాను మాస్టారూ, చొక్కాలు. ఆ తర్వాత ఏం జరిగిందో మీకు చెప్పనులెండి." తలుపు దాకా వెళ్ళి ఆగింది. "ఆవిడ సరిగ్గా తీసింది."

తలూపాను.

మర్నాడు ఆరు డబ్బాలూ తెరిచాను. ఒక్కొక్క రీలునూ వెలుతురుకు పట్టి చూసి, సరైన డబ్బాలో పెట్టి, వరస రాసిన కాగితం జతచేసి పారిస్ పంపాను. పది రోజులకు మేడమ్ వోక్లాన్ ఫోన్ చేసింది.

"మీ పెట్టె అందింది మాస్టారూ. మీ కాగితం కూడా. మళ్ళీ మార్చేశాం, ఏమీ అనుకోకండి."

తర్వాత రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. పన్నెండు ప్రతుల్లోనూ మాతురీన్ భర్త ఇంకా మరిది సన్నివేశం తర్వాతే చనిపోతున్నాడు. రీళ్ళు సరిచేయాల్సి ఉంది.